ఏమండీగారికో మాస్టారు

నెల రోజులు గడువిచ్చారు. వచ్చే నెల మొదటి ఆదివారం అసోసియేషన్ మీటింగు నాటికి మూడో అంతస్తులో ఏడుపు ఆగాలి. ఆగకపోతే ఏడ్చేవాళ్లు వేరే చోటు చూసుకోవాలి. నోటీసులో ‘పెంపుడు జంతువు’ అనే రాశారు గానీ, లిఫ్టు పక్కన నిలబడి చదువుకుంటుంటే అది నా గురించే రాసినట్టుంది.

చట్టం ప్రకారం అలా వెళ్లగొట్టే హక్కు వాళ్లకు లేదని తర్వాత ఎవరో చెప్పారు. నిజమే కావచ్చు. కానీ నేను అద్దెకుండేదాన్ని. మా ఇంటి ఓనరుకు చట్టం దూరం, సెక్రటరీగారు దగ్గర.

ఆ జంతువు బీగిల్ జాతి కుక్క. చెవులు ముఖం కంటే పెద్దవి, గొంతు ఒంటి కంటే పెద్దది. మూడేళ్లవాడు. ఉత్తరాది నుంచి వచ్చిన ఒక హీరోయిన్ పెంచుకుంది. ఆ అమ్మాయి చేసిన రెండు సినిమాలకూ తెలుగు గొంతు నాదే. మూడో సినిమా రాలేదు. సామాను సర్దుకుని వెళ్లిపోతూ, మేకప్ చేసే ఆవిడకిచ్చి వీణ్ని నా దగ్గరికి పంపింది. మేమిద్దరం ఎదురుపడింది మొత్తం రెండుసార్లు. అయినా ఈ ఊళ్లో తనకు బాగా తెలిసిన మనిషిని నేనేనట. ‘నా గొంతు దగ్గర ఉంటాడు’ అని చెప్పి పంపిందట. కాదనడానికి నాకు నోరు రాలేదు. నోటి మీద బతికే మనిషినే, అవసరానికి మాత్రం అది నాకెప్పుడూ రాదు.

ఆ అమ్మాయి వాడికి పెట్టిన పేరు ఇక్కడ రాయను. అది ఒక పెద్ద హీరోది. ఆయన పక్కన నటించాలని ఆమె ఆశ. ఫిల్మ్‌నగర్ సందుల్లో ఆ పేరు పెట్టి ‘కూర్చో’ అనీ, ‘ఛీ, అది తినకు’ అనీ అరవడం నా ఉపాధికి క్షేమం కాదు. అందుకని మొదటిరోజు ఏం పిలవాలో తెలియక ‘ఏమండీ’ అన్నాను. తల తిప్పి చూశాడు. అదే ఖాయమైపోయింది. ‘ఏమండీ, లేచారా?’ ‘ఏమండీ, అన్నం చల్లారిపోతోంది.’ రెండో అంతస్తులో నా కిందింటావిడ వారం రోజుల పాటు నేను చప్పుడు కాకుండా పెళ్లి చేసుకున్నాననే అనుకుందట. నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, మంచి మనిషి. సంగతి తెలిశాక ‘కుక్కా అమ్మా’ అంది. ఆ రెండు మాటల్లో ఆవిడ పెట్టిన దిగులు నేను ఇరవై ఏళ్లుగా మైకు ముందు ప్రయత్నిస్తున్నా నా గొంతులో పలకలేదు.

నా పని డబ్బింగు. వయసుతో పాటు నా గొంతుకూ ప్రమోషన్లు వచ్చాయి: హీరోయిన్, వదిన, అత్త. హీరోయిన్లలో ఆ అమ్మాయే ఆఖరు. ఇక బామ్మ ఒక్కటే మిగిలింది. పొద్దంతా చీకటి గదిలో ఎవరెవరి పెదాలకో నా మాటలు అతికించి ఇంటికొస్తే, ఇక్కడ మాట్లాడ్డానికి మాటలుంటాయి గానీ పెదాలుండవు. పెళ్లి సంగతి అడిగేవాళ్లు అడగడం మానేసి కూడా చాలా ఏళ్లయింది. మానేశాకే తెలిసింది, ఆ ప్రశ్న కోసమైనా ఎవరో ఒకరు ఫోన్ చేసేవారని.

వాడు వచ్చిన కొత్తలో, నేను బయటికి వెళ్తే కాసేపు మూలిగి పడుకునేవాడట. నేను లేనప్పటి సంగతి నాకెలా తెలుస్తుంది? ఒకరోజు కిందింటావిడ మెట్ల మీద కనిపించి, ‘మీ వారు పొద్దున్న కాసేపు బెంగపెట్టుకున్నారమ్మా’ అని నవ్వింది. ఆ మాట నన్ను పట్టుకుంది. ఆ రోజు స్టూడియోలో ఒక అత్తగారి చేత కోడల్ని తిట్టించాలి. తిట్లలో కోపం రావడం లేదని మూడు టేకులు తీశారు. ఎలా వస్తుంది? ఊళ్లో ఒక ప్రాణి నాకోసం బెంగపెట్టుకుని కూర్చుంది.

జాలేసి నాకు చేతనైన పని చేశాను. ఆదివారం మధ్యాహ్నం బట్టల బీరువా తలుపులు తీసి, గది ప్రతిధ్వని రాకుండా నెత్తిన దుప్పటి కప్పుకుని, చిన్న మైకు పట్టుకుని నలభై నిమిషాల పాటు నా గొంతు రికార్డు చేశాను. ‘ఏమండీ, ఇక్కడే ఉన్నాను. వంటింట్లో ఉన్నాను. వస్తున్నా, వస్తున్నా. ఏం చేస్తున్నారు మీరు? ఇదిగో, వచ్చేస్తున్నా.’ మధ్యలో గిన్నెల చప్పుడు కూడా కలిపాను, పనితనం పనితనమే. పాత ఫోనులో అది పెట్టి, స్పీకరుకు కలిపి, బయటికి వెళ్లేటప్పుడు ఆన్ చేసి తలుపు వేసేదాన్ని. అయిపోగానే మళ్లీ మొదటికొస్తుంది. ఆ రోజు నుంచి నేను నిశ్చింతగా స్టూడియోకు వెళ్లాను.

ఆ రోజు నుంచే ఏడుపు పెరిగింది. మూలుగు పోయి ఊళ వచ్చింది. బుధవారం పొద్దున కిందింటావిడ ఇంట్లో కుటుంబ ప్రార్థన ఉంటుంది. పది పదిహేను మంది విశ్వాసులు కూర్చుని పాట ఎత్తుకోగానే, పైనుంచి మా విశ్వాసం గల జంతువు శ్రుతి కలిపేవాడట. ‘శ్రుతి బాగానే ఉందమ్మా, ముగింపే లేదు’ అంది ఆవిడ. ఆవిడ అలా సరిపెట్టుకుంది గానీ మిగతా పద్నాలుగు ఇళ్లకు సంగీతజ్ఞానం తక్కువ. నోటీసు వచ్చింది.

నేను మాత్రం దాన్ని ప్రేమ పెరగడం అనుకున్నాను. సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను, లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

కుక్కకు గురువును వెతకడం పెళ్లిసంబంధం చూడ్డం లాంటిది. రెండో దాంట్లో నాకు అనుభవం లేదు కాబట్టి గట్టిగా చెప్పలేను. ఫోనులో వెతికితే ఒక్కరోజులో నా ఫోను నిండా కుక్కలే. మొదట మాట్లాడింది ఊరి బయట ఫామ్ నడిపే ఆయనతో. నలభై అయిదు రోజులు కుక్కను వాళ్ల దగ్గరే ఉంచాలి. ప్రతి ఆదివారం వీడియో పంపుతారు. నలభై ఆరో రోజు బుద్ధిమంతుణ్ని చేసి అప్పజెప్తారు. నా గడువు నెల రోజులే కదండీ అంటే, కుక్క ఫామ్‌లో ఉంటే ఇక ఇంట్లో ఏడుపెక్కడిదండీ అన్నాడు. లెక్క సరిగ్గానే ఉంది. అయితే మొదటి పది రోజులు నేను చూడ్డానికి రాకూడదట. ఎందుకని అడిగాను. ‘మిమ్మల్ని మర్చిపోవాలి కదండీ’ అన్నాడు మర్యాదగానే. నన్ను మర్చిపోవడానికి పది రోజులు పడుతుందంటే అది నాకు దక్కిన గౌరవమే. కొంతమంది ఇంటర్వెల్ దాకా కూడా ఆగలేదు. అయినా మనసొప్పలేదు.

రెండో ఆయన్ని ఎంచుకోవడంలో నా తప్పు లేదు, మా వీధి తప్పు ఉంది. ఇక్కడ ఎవరినైనా పనికి పిలిచే ముందు అడిగే ప్రశ్న ఒక్కటే: ‘ఏం చేశాడు?’ అంటే ఏ సినిమా చేశాడని. వడ్రంగినైనా, వంటమనిషినైనా, ఆఖరికి పళ్ల డాక్టరునైనా అలాగే అడుగుతాం. ఈ అబ్బాయి సినిమాల్లో కుక్కల చేత నటింపజేస్తాడు. హీరో శవం పక్కన రాత్రంతా కూర్చున్న కుక్క తనదే. విలన్ పంచె పట్టుకుని లాగింది కూడా తనదే. ఆ శవం దృశ్యానికి నేనూ ఏడ్చాను, తెర మీదా, తెర వెనకా. హీరో తల్లికి గొంతు నాది. ఇంకేం కావాలి? వచ్చి మావాడి గడ్డం పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ‘మేడం, ఫేస్‌లో ఎక్స్‌ప్రెషన్ ఉంది’ అన్నాడు. కన్నతల్లిలా పొంగిపోయాను.

రెండు వారాల్లో నిజంగానే చాలా నేర్పాడు. అరచెయ్యి కిందికి దించితే మావాడు ఠక్కున నోరు మూసి, ముందుకాళ్ల మీద గడ్డం ఆన్చి, కళ్లు మాత్రం పైకెత్తి చూస్తాడు. ఒక సాయంత్రం సెక్రటరీగారిని పిలిచి చూపించాను. రిటైరైన బ్యాంకు మేనేజరు, సంతకం సరిపోలకపోతే కరగని మనిషి. ఆయన కూడా కాసేపు కళ్లద్దాలు తుడుచుకుని, ‘ఇంత బుద్ధిమంతుడి మీదనా కంప్లైంటు’ అన్నారు. మర్నాడు నేను తలుపు వేసి మొదటి అంతస్తు దాటకముందే ఊళ మొదలైంది. చూసేవాళ్లు లేకపోయినా నటించేంత పిచ్చి వాడికింకా పట్టలేదు.

ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. సైగ చేశారా మేడం అన్నాడు. నేను ఇంట్లో లేనప్పుడు సైగ ఎవరు చేస్తారు బాబూ అన్నాను. ‘అసిస్టెంట్‌ని ఎవర్నైనా పెట్టుకోండి మేడం’ అన్నాడు.

రికార్డు చేసి పెట్టిన గొంతు సంగతి నేనతనికి చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదని అప్పుడనుకున్నాను. డాక్టరుకు ఒంట్లో బాధలన్నీ ఏకరువు పెట్టి, అసలుది చెప్పకుండా లేచి వచ్చేస్తాం చూడండి, అలాంటిదే.

ఇంకా పద్నాలుగు రోజులున్నాయి. వాట్సాప్‌లో కుక్కల్ని దత్తతకిచ్చేవాళ్ల గుంపులో చేరి, మావాడి ఫోటో ఒకటి ఎంచి పెట్టుకున్నాను. పంపలేదు. ఫోటో కింద ఏం రాయాలో తోచలేదు. ‘మూడేళ్లు, ఆరోగ్యంగా ఉన్నాడు, బాగా ఏడుస్తాడు’ అంటే ఎవరు తీసుకుంటారు?

మూడో మనిషిని చెప్పింది కిందింటావిడే. ప్రార్థనకు వచ్చే ఒకావిడ పక్కింట్లో ఉంటాడట, పోలీసు కుక్కల దళంలో చేసి రిటైరైన హెడ్ కానిస్టేబులు. రహమత్ నగర్ నుంచి పాత స్కూటరు మీద వచ్చాడు. ‘ఏం చేశారు?’ అని అడిగాను, అలవాటు కొద్దీ. ‘బాంబులు ఎతికిచ్చిన’ అన్నాడు.

ఆయన మావాడి గడ్డం పట్టుకోలేదు. పేరు చెప్పి పిలవలేదు. నేల మీద కూర్చుని టీ తాగాడు. మావాడు వెళ్లి ఆయన పాదాలు, చేతులు, స్కూటరు తాళం వరసగా వాసన చూసి, దూరంగా వెళ్లి పడుకున్నాడు. ఆయన ప్రోగ్రాం ఏమిటో, ఎన్ని క్లాసులో అడిగాను. ముందు చూడాలె గద అన్నాడు. తర్వాత గ్లాసు పక్కన పెట్టి, ‘రోజు ఎట్ల పోతరో గట్లనే పోన్రి అమ్మా, నేను గూడ మీ ఎంబడి బయటికొస్త’ అన్నాడు.

రోజూ ఎలా వెళ్తానో అలాగే వెళ్లాను. బ్యాగు తగిలించుకున్నాను. తాళాలు తీశాను. వంగి, ‘ఏమండీ, వెళ్లొస్తాను, జాగ్రత్త, మళ్లీ వచ్చేస్తాగా’ అని తల నిమిరాను. ఆయన అప్పటికే గడప దాటి చెప్పులేసుకునే చోట నిలబడ్డాడు. నేను వెనక్కి తిరిగి, అలవాటు ప్రకారం స్పీకరు నొక్కి, తలుపు వేశాను. ఇద్దరం మెట్ల మలుపులో నిలబడ్డాం.

లోపలి నుంచి వినిపించింది: ‘ఏమండీ, ఇక్కడే ఉన్నాను...’

ఆయన చెవి అటు పెట్టాడు. ‘ఇంట్ల ఎవలున్నరు?’

‘ఎవరూ లేరండీ.’

‘మరి మాట్లాడుతున్నదెవలు?’

‘నేనే’ అన్నాను.

నా వంక చూసి, తలుపు వంక చూసి, మళ్లీ నా వంక చూశాడు. ‘ఏమండీ అంటున్నరు. సారు లోపలున్నడా?’

‘ఆ సారు కుక్కేనండీ.’

నవ్వుతాడనుకున్నాను. నవ్వితే బాగుండేది. ఆయన మెట్టు మీద కూర్చుని వింటున్నాడు. లోపల గోళ్ల చప్పుడు వంటింటి వైపు వెళ్లింది, అక్కణ్నుంచి పడగ్గదికి, అక్కణ్నుంచి తలుపు దగ్గరికి. ‘వస్తున్నా, వస్తున్నా’ అంటున్నాను లోపల నేను. గోళ్లు మళ్లీ వంటింటికి పరిగెత్తాయి. ‘ఇదిగో, వచ్చేస్తున్నా.’ గిన్నె చప్పుడు. అప్పుడు మొదలైంది ఊళ.

‘మా దాంట్ల కుక్కకు ఎతుకుడు నేర్పుతం’ అన్నాడాయన, మెల్లగా. ‘ఎతికింది దొరికితే కూసుంటది. గీడ గొంతున్నది, మనిషి దొరుకుతలేదు. కూసునుడెట్ల? మీరు గంటకు పదిసార్లు వస్తనంటున్నరు, వస్తలేరు. మీరైతే ఒర్రి ఏడ్వరా అమ్మా?’

లోపల నా గొంతు ‘ఏం చేస్తున్నారు మీరు?’ అని అడుగుతూనే ఉంది. ఏళ్ల తరబడి మనిషి లేకుండా గొంతొక్కటే పంపి బతికాను. జనం హాయిగా ఒప్పుకున్నారు. ఒక కుక్క ఒప్పుకోలేదు.

తలుపు తీసి స్పీకరు ఆపేశాను. ఆ గొంతు పెట్టకముందు ఎట్లుండె అని ఆయన అడిగితే నాకు తెలియదన్నాను. కిందికెళ్లి ఆవిడను అడిగొచ్చాడు. మొదట్లో పది నిమిషాలే ఏడ్చి ఊరుకునేవాడు అందట. ‘గంతే. గా పది నిమిషాలదే మన పని. ఫికర్ జేయకున్రి’ అన్నాడు.

ఆయన నేర్పింది ఎక్కువ లేదు. తాళాలు తీసి, వెళ్లకుండా మళ్లీ కూర్చోవాలి. రోజుకు ఇరవైసార్లు. చెప్పులు వేసుకుని పేపరు చదువుకోవాలి. గట్టి రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి గడ్డకట్టించి, బయటికి వెళ్లే ముందు వాడి ముందు పెట్టాలి. ఒక నిమిషం వెళ్లి రావాలి, మూడు నిమిషాలు, పది. వెళ్లేటప్పుడు ఒక్క మాట మాట్లాడకూడదు. తిరిగొచ్చాక అయిదు నిమిషాల పాటు కూడా మాట్లాడకూడదు, చూడకూడదు. అన్నిటికంటే ఇదే కష్టం. శిక్షణలో క్షణాలు వాడివి, శిక్ష నాది.

వెళ్లాలంటే ఎక్కడికో చోటికి వెళ్లాలి కదా. పది నిమిషాల దాకా మెట్లు సరిపోయాయి. మెట్ల మలుపులో చేతిలో బ్యాగుతో నిలబడ్డ నన్ను చూసి పైవాళ్లు, కిందివాళ్లు, పాలవాడు అందరూ లిఫ్టు పాడైందా అని అడిగారు. ఆ భవనంలో ఎనిమిదేళ్లుగా ఉంటున్నా, ఆ వారంలో మాట్లాడినంతమందితో ఎప్పుడూ మాట్లాడలేదు. ఇరవై నిమిషాలకు సందు చివర గుడి దాకా, నలభై నిమిషాలకు జూబ్లీహిల్స్ రోడ్డు మీద ఒక కాఫీ షాపు దాకా వెళ్లేదాన్ని. అక్కడ ప్రతి బల్ల దగ్గరా ఒకరు ఇంకొకరికి కథ చెప్తుంటారు. చెప్పేవాళ్ల చేతులు ఆగవు, వినేవాళ్ల చేతులు ఫోను వదలవు. నా బల్ల దగ్గర రెండో కుర్చీ కావాలా అని అడిగి పక్కవాళ్లు తీసుకెళ్లేవారు. గంట సేపు బయట ఉండాల్సిన రోజున నాకు తట్టింది: స్టూడియోకు కాకుండా వెళ్లడానికి నాకీ ఊళ్లో ఒక్క గుమ్మం లేదు. వాడికి ఒంటరిగా ఉండడం నేర్పడానికి నన్ను మించిన మాస్టారు ఫిల్మ్‌నగర్ మొత్తంలో దొరకరు. ఊరంతా వెతికాను గానీ.

ఆ గుడి నుంచి తిరిగొచ్చిన ఒక సాయంత్రం మా తలుపు బయట నిలబడి విన్నాను. ఏమీ లేదు. చెవి ఆన్చి విన్నాను. రబ్బరు బొమ్మ నేల మీద దొర్లిన చప్పుడు, తర్వాత ఒక పెద్ద నిట్టూర్పు, అంతే. గెలిచినందుకు సంతోషంగానే ఉంది. కానీ మరికాసేపు నిలబడ్డాను, ఎందుకైనా మంచిదని. ఒక్క మూలుగైనా వినపడుతుందేమోనని. వినపడలేదు.

ఆ గొంతును ఫోనులోంచి తుడిచేయమన్నాడు కానిస్టేబులుగారు. తుడిచే ముందు ఒకసారి విందామని కూర్చున్నాను. ఇరవయ్యో నిమిషం దగ్గర ఇంకేం చెప్పాలో తోచక ఊరుకున్నాను. ఆ ఖాళీలో టైల్స్ మీద గోళ్ల చప్పుడు దగ్గరికొచ్చింది. దుప్పటి కిందికి ముక్కు దూర్చి వాసన చూసి తుమ్మాడు. నేను నవ్వాను. నలభై నిమిషాల్లో నేను నటించనిది ఆ నవ్వొక్కటే. అది ఇంకా తుడవలేదు.

మీటింగు ఆదివారం నాడు వెనక వరసలో కూర్చున్నాను. నీళ్ల ట్యాంకరు, పార్కింగు, మెట్ల మీద ఎవరో ఆరేసే బట్టలు అయ్యాయి. కుక్క సంగతి రాలేదు. చివర్లో సెక్రటరీగారు నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, ‘పంపించేశారామ్మా? బాధపడకండి’ అన్నారు.

‘లేదండీ, ఇంట్లోనే ఉన్నాడు.’

ఆయన తెల్లబోయారు. ‘అసలు ఉన్నట్టే లేదే!’

మెచ్చుకోలుగానే అన్నారు. నేనూ మెచ్చుకోలుగానే తీసుకున్నాను. మెట్లెక్కుతుంటే మాత్రం, అదే మాట ఈ భవనంలో నా గురించి ఎన్నేళ్లుగా చెప్పుకోవచ్చో లెక్కవేసుకున్నాను.

తలుపు తీశాను. వాడు చాప మీద పడుకుని ఒక కన్ను తెరిచి చూశాడు. తోక రెండుసార్లు నేలకు కొట్టి ఆపాడు. నేను రూలు ప్రకారం అటు చూడకుండా వంటింట్లోకి వెళ్లి, గోడ గడియారం కింద నిలబడి నీళ్లు తాగాను. అయిదు నిమిషాలు. చెప్పాల్సింది బోలెడుంది: ఉండనిస్తున్నారని, కిందింటావిడ నా చెయ్యి నొక్కిందని, సెక్రటరీగారు ఏమన్నారో. గోళ్ల చప్పుడు మెల్లగా వచ్చింది. వాడు నా పాదాల మీద గడ్డం ఆన్చి పడుకున్నాడు. ఎవరూ సైగ చేయలేదు.

గడియారం అయిదు నిమిషాలు దాటింది, పది దాటింది. గ్లాసు చేతిలో పట్టుకుని, కాలు కదపకుండా, అలాగే నిలబడ్డాను. మాట్లాడవచ్చన్న సంగతి గుర్తు రాలేదు.